చెవి మిషన్‌లో శబ్దం వచ్చి పోతోందా? పక్కన పెట్టేసే ముందు ఇది చదవండి

రాజంపేట మండలంలో ప్రభుత్వ పథకాల కింద చెవి మిషన్లు పొందిన లబ్ధిదారులకు, ముఖ్యంగా వారి ఇంట్లో ఉండే కొడుకులకు, కోడళ్లకు, మనవళ్లకు ఈ సమాచారం. పెద్దవాళ్లు ఫోన్‌లో ఇంత చదవలేకపోవచ్చు, మీరు పక్కన కూర్చుని మిషన్ చేతిలో పట్టుకుని చదవండి.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మా బాపమ్మ మిషన్ ఎనిమిది నెలలు అలమారలో పడి ఉంది. "ఒకసారి ఇనవడ్తది, ఒకసారి ఇనవడది, దీనితోని ఏం ఫాయిదా బిడ్డా" అని తీసి పెట్టేసింది. ఉచితంగా వచ్చింది అట్లాగే ఉంటదిలే అని మేమూ ఊరుకున్నాం. ఆ రోజుల్లోనే డాక్టర్ బీపీ గోలి రోజుకు ఒకటి అని చెప్తే, సగం విని తల ఊపి, ఇంటికొచ్చి రెండు పూటలా వేసుకుంది. నాలుగో రోజు కళ్లు తిరిగి పడిపోయింది. తర్వాత మిషన్ చూపిస్తే తేలింది ఏమిటంటే, చెవి అచ్చుకు ఉండే చిన్న ప్లాస్టిక్ గొట్టం గట్టిపడి వెంట్రుకంత చీలింది. గొట్టం మార్చారు, మిషన్ మామూలుగా పనిచేసింది.

శబ్దం అసలే రాని మిషన్ వేరు, వచ్చి పోయే మిషన్ వేరు. వచ్చి పోతోందంటే చాలాసార్లు లోపలి యంత్రం బాగానే ఉంటుంది. బ్యాటరీ, తేమ, గుబిలి, గొట్టం, వైరు, వీటిలో ఏదో ఒకటి అడ్డుపడుతూ ఉంటుంది.

ఎప్పుడు పోతోందో చూడండి

రెండు రోజులు గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. పెట్టుకున్న కాసేపటికి ఆగిపోయి, తీసి పక్కన పెట్టి మళ్లీ పెడితే కొద్దిసేపు వినిపిస్తోందా? బ్యాటరీ అయిపోవస్తోంది. ఈ బ్యాటరీలు కొంచెం విశ్రాంతి ఇస్తే తేరుకున్నట్టు కనిపించి మళ్లీ పడిపోతాయి. చాలా డిజిటల్ మిషన్లు ఆగే ముందు టింగ్ టింగ్ మని చెవిలో చెప్తాయి కూడా. చలికాలం పొద్దున, వానల్లో, చెమట పట్టే పనిలో మాత్రమే పోతోందా? తేమ. తల తిప్పినప్పుడు, నమిలేటప్పుడు పోతే గొట్టం మెలిపడుతోంది, లేదా అచ్చు వదులైంది. మిషన్‌ను వేలితో తాకితే గరగరమని వచ్చి పోతోందంటే బ్యాటరీ తలుపు దగ్గరో, సౌండ్ చక్రం దగ్గరో దుమ్ము చేరింది.

బ్యాటరీ సంగతి

చెవి వెనుక పెట్టే మిషన్లలో ఎక్కువగా 675 లేదా 13 నంబర్ బ్యాటరీ ఉంటుంది. 675కు నీలం స్టిక్కర్, 13కు నారింజ రంగు స్టిక్కర్. ఇవి గాలి తగిలితేనే పనిచేసే జింక్ ఎయిర్ బ్యాటరీలు. ప్లస్ గుర్తు వైపు సన్నటి రంధ్రాలు ఉంటాయి, స్టిక్కర్ వాటిని మూసి ఉంచుతుంది. స్టిక్కర్ తీసిన వెంటనే మిషన్‌లో వేయకండి. ఒకటి రెండు నిమిషాలు గాలికి ఉంచి వేయండి. గాలి అందకముందే తలుపు మూస్తే కొత్త బ్యాటరీ కూడా పాతదానిలా ఆడుతుంది. ఒకసారి స్టిక్కర్ తీశాక మళ్లీ అంటించినా లాభం లేదు, అది ఖర్చవుతూనే ఉంటుంది. అందుకే పాకెట్‌లోని అన్నింటి స్టిక్కర్లు ఒకేసారి పీకి చూడొద్దు.

గడియారం సెల్లు అచ్చం ఇలాగే కనిపిస్తుంది, పెడితే పట్టవచ్చు కూడా. కానీ అది దీనికి పనికిరాదు. కొనేటప్పుడు పాత బ్యాటరీని చేతిలో పట్టుకుని వెళ్లండి, పాకెట్ మీద గడువు తేదీ చూడండి. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి ఉంచండి. బ్యాటరీ ఆదా అవుతుంది, లోపలి తేమా ఆరుతుంది.

బ్యాటరీ బాగుందో లేదో చూడడానికి మిషన్‌ను ఆన్ చేసి, సౌండ్ పెంచి, గుప్పిట్లో మూయండి. కూ మని ఈల వస్తే మిషన్‌కు ప్రాణం ఉన్నట్టే. కొన్ని కొత్త డిజిటల్ మిషన్లు ఈల రాకుండా అణిచేస్తాయి కాబట్టి, రాకపోతే చెడిపోయిందని మాత్రం అనుకోకండి.

ఇంట్లో చిన్న పిల్లలుంటే ఈ బ్యాటరీలు వాళ్లకు అందకూడదు. ఎవరైనా మింగితే కక్కించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, 108కి ఫోన్ చేయండి.

తేమ, గుబిలి, పిన్నీసు

చెవిలో వేడి, బయట చలి. మధ్యలో ఉన్న గొట్టంలో నీటి చుక్క చేరుతుంది. ఆ ఒక్క చుక్క చాలు శబ్దం ఆగడానికి. గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూస్తే కనిపిస్తుంది. అచ్చును, గొట్టాన్ని మిషన్ నుంచి విడదీసి విదిలించండి. నోటితో ఊదితే ఊపిరిలోని తేమ ఇంకా చేరుతుంది. మిషన్‌తో పాటు రబ్బరు ఊదుడు బుడ్డి ఇచ్చి ఉంటే దానితో ఊదండి.

అచ్చును మాత్రమే గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి, రాత్రంతా ఆరనివ్వండి. మిషన్‌కు నీళ్లు తగలకూడదు, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. అచ్చు చివర గుబిలి పట్టిందేమో చూడండి, ఎక్కువమందికి దొరికేది ఇక్కడే. మైకు రంధ్రంలో మాత్రం పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టకండి. శుభ్రం చేయబోయి శాశ్వతంగా పాడుచేసుకునేది ఇలాగే. తలకు నూనె రాసుకునేటప్పుడు మిషన్ తీసేయండి. బీడీలు చుట్టే ఇళ్లలో తంబాకు పొడి, వడ్ల కల్లాల దగ్గర దుమ్ము కూడా మైకులోకి పోతాయి. పని అయ్యాక మెత్తటి పొడి బ్రష్‌తో పైపైన దులపండి.

తడిస్తే ఎండలో, పొయ్యి దగ్గర పెట్టొద్దు. ఫోన్ తడిస్తే చేసినట్టు బియ్యంలోనూ వేయొద్దు, ఆ పొడి మళ్లీ మైకులోకే పోతుంది. బ్యాటరీ తీసేసి, తేమ పీల్చే సిలికా గుళికల పొట్లంతో కలిపి మూత గట్టి డబ్బాలో రాత్రంతా ఉంచండి.

జేబులో పెట్టుకునే పాత రకం మిషన్ అయితే మొదట వైరునే అనుమానించండి. రెండు చివర్ల దగ్గర మెల్లగా వంచుతూ వినండి. వంచినప్పుడు వచ్చి, వదిలితే పోతే లోపల తీగ తెగింది. వైరు మార్చాలి, మిషన్ కాదు.

మిషన్ తప్పు కాని సందర్భాలు

పెళ్లిలో డీజే, డప్పుల దగ్గర శబ్దం తగ్గి మళ్లీ పెరిగినట్టు అనిపిస్తే అది చెడిపోవడం కాదు. పెద్ద చప్పుడును డిజిటల్ మిషన్ తనే తగ్గిస్తుంది. కొన్నింటికి ఎం, టి, ఓ అనే ఇంగ్లిష్ అక్షరాలతో మీట ఉంటుంది. టి మీదికి జరిగితే మైకు ఆగిపోతుంది, మాటలకు ఎం మీదే ఉండాలి.

ఒక్కోసారి లోపం చెవిలోనే ఉంటుంది. మీరు సౌండ్ తగ్గించి అచ్చును మీ చెవి దగ్గరగా పట్టుకుని, లోపల పెట్టకుండా, వినండి. మీకు ఆగకుండా వినిపిస్తుంటే పెద్దాయన చెవిని డాక్టర్‌కు చూపించాలి. చీము, నొప్పి ఉంటే మిషన్ పెట్టకండి. వినికిడి ఒక్కసారిగా పడిపోతే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి, ఆలస్యమైతే మందులకు కూడా తిరిగి రాకపోవచ్చు.

ఇవన్నీ చూసినా పోతుంటే

మిషన్‌ను మూలన పడేయడం వల్ల నష్టం మీకే. 1981 నుంచి ఉన్న కేంద్ర ఏడీఐపీ పథకంలో, ఒకసారి సాయం పొందిన వారికి అదే అవసరానికి మళ్లీ మూడేళ్ల దాకా ఇవ్వరు. 12 ఏళ్లలోపు పిల్లలకైతే ఏడాది. వృద్ధుల కోసం 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వచ్చిన పరికరాలకు అలిమ్‌కో సంస్థ ఏడాది పాటు ఉచితంగా మరమ్మతు చేయాలి. ఆ ఏడాది అలమారలో గడిచిపోతే మళ్లీ రాదు. మీకు ఇచ్చిన కార్డు మీద తేదీ ఇప్పుడే చూసుకోండి.

సమస్యను కామారెడ్డిలో జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో చెప్పవచ్చు, సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వవచ్చు. వృద్ధులు 14567 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. వినికిడి పరీక్ష, మిషన్ సర్దుబాటు కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

వెళ్లేటప్పుడు మిషన్ ఒక్కటే తీసుకెళ్లొద్దు. చెవి అచ్చు, అందులో ఉన్న బ్యాటరీ, ఇచ్చిన కార్డు, ఆధార్, ఉంటే యూడీఐడీ కార్డు వెంట ఉంచుకోండి. శబ్దం ఏ వేళ, ఏం చేస్తుండగా పోతోందో రెండు ముక్కలు చీటీ మీద రాసి ఇవ్వండి. అక్కడికి వెళ్లేసరికి మిషన్ బాగానే వినిపించవచ్చు, అప్పుడు చూపించడానికి ఆ చీటీ ఒక్కటే ఉంటుంది.