మూలకణాలను ఫ్రీజ్ చేస్తే.. కరిగించాక మళ్లీ పనిచేస్తాయా?

గోదావరిఖని నుంచి మైలోమా, లింఫోమా లాంటి రక్త క్యాన్సర్‌తో హైదరాబాద్ వెళ్లిన వారికి డాక్టర్లు ఏదో ఒక దశలో ఈ మాట చెప్పొచ్చు. 'మీ మూలకణాలే తీసి, పెద్ద డోసు కీమో ఇచ్చాక తిరిగి మీకే ఎక్కిద్దాం' అని. ఇంకోవైపు 'పిల్లల పాలపన్ను పారేయకండి, అందులోని స్టెమ్ సెల్స్ దాచిపెడతాం' అనే ప్రకటన మీ ఫోన్లో కనిపించి ఉండొచ్చు. రెండు చోట్లా ఫ్రీజింగే. కానీ మొదటిది దశాబ్దాలుగా జరుగుతున్న వైద్యం. రెండోదానికి మన దేశంలో అనుమతే లేదు.

పెద్దవాళ్ల ఎముక మజ్జలోనూ మూలకణాలు ఉంటాయి. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ వాటి నుంచే తయారవుతాయి. ఇలా వేర్వేరు కణాలుగా మారగలగడమే వాటి విలువ. ఆ గుణం పోతే కణం బతికున్నా రోగికి ఉపయోగం లేదు.

నేరుగా గడ్డకట్టిస్తే కణంలోని నీరు మంచు స్ఫటికాలుగా మారి పొరను చీల్చేస్తుంది. అందుకే డీఎంఎస్‌ఓ అనే ద్రవం కలుపుతారు. కణాలను ఇది కాపాడుతుందని 1959లో బ్రిటన్ శాస్త్రవేత్తలు చూపించారు. నేటికీ ఎక్కువగా వాడేది అదే. నిమిషానికి సుమారు ఒక డిగ్రీ చొప్పున నెమ్మదిగా చల్లబరిచి, ద్రవ నైట్రోజన్ ట్యాంకులో పెడతారు. దాని ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు. కరిగించడం మాత్రం 37 డిగ్రీల నీటిలో, నిమిషాల్లో అయిపోవాలి. గది వేడిలో డీఎంఎస్‌ఓ కణాలకే హాని చేస్తుంది కాబట్టి ఆలస్యం లేకుండా ఎక్కిస్తారు. ఆ రోజు రోగి ఊపిరిలో వెల్లుల్లి లాంటి వాసన వస్తే కంగారుపడకండి, అది ఈ మందుదే.

కరిగించాక '90 శాతం కణాలు బతికున్నాయి' అని రిపోర్టు రావొచ్చు. అది సగం సమాధానమే. రంగు వేసి చూసే పరీక్ష ఆ క్షణానికి కణం పొర చెక్కుచెదరలేదని మాత్రమే చెబుతుంది. కొన్ని కణాలు ఆ తర్వాత ఒక రోజులోపే చనిపోతాయి. అవి రక్త కణాలుగా మారగలవా అన్నది తేలాలంటే ల్యాబ్‌లో సుమారు 14 రోజులు పెంచి, ఎన్ని గుంపులు కట్టాయో లెక్కపెట్టాలి. రోగికి అంత టైమ్ ఉండదు. అందుకే ముందే సీడీ34 గుర్తున్న కణాలను లెక్కిస్తారు. కిలో బరువుకు కనీసం 20 లక్షలు కావాలి. అంటే 60 కిలోల మనిషికి 12 కోట్లు. అసలు పరీక్ష మాత్రం రోగి ఒంట్లోనే జరుగుతుంది. ఎక్కించిన 10 నుంచి 14 రోజులకు తెల్ల కణాలు పెరగడం మొదలైతే, ఫ్రీజింగ్‌ను తట్టుకుని అవి తమ పని తాము చేస్తున్నట్టు.

అన్నిసార్లూ ఫ్రీజింగ్ అక్కర్లేదు కూడా. మైలోమాలో కీమో ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. కణాలను 4 డిగ్రీల ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచి వాడే ఆసుపత్రులు మన దేశంలో ఉన్నాయి. లింఫోమాలో కీమో ఆరు రోజుల దాకా సాగుతుంది కాబట్టి సాధారణంగా గడ్డకట్టించాల్సిందే. మీ కేసులో ఏది అవసరమో అడగండి, బిల్లులో తేడా ఉంటుంది.

ఇక పాలపన్ను సంగతి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం నిల్వ చేయడానికి అనుమతి ఉన్నది బొడ్డుతాడు రక్తానికే. పన్ను గుజ్జు, కొవ్వు, నెలసరి రక్తం లాంటివాటి నుంచి తీసిన కణాలను డబ్బు తీసుకుని దాచే వ్యాపారానికి అనుమతి లేదు. కొవ్వు నుంచి తీసిన మూలకణాలు కరిగించాక ఎముక, మృదులాస్థి కణాలుగా మారడం ల్యాబ్‌లో కనిపించిన మాట నిజమే. అయితే గిన్నెలో మారడం వేరు, మోకాలు నొప్పి తగ్గడం వేరు.

చికిత్సకు బయలుదేరే ముందు ఖర్చు సంగతి గోదావరిఖనిలోనే తేల్చుకోండి. సింగరేణి ఉద్యోగులైతే ఏరియా ఆసుపత్రిలో రిఫరల్ గురించి, రిటైరైనవారు సీపీఆర్‌ఎంఎస్ కార్డు పరిమితి, మినహాయింపుల గురించి కనుక్కోవాలి. ఆరోగ్యశ్రీ కింద మీ జబ్బుకు ఈ ప్యాకేజీ ఉందో లేదో ఆరోగ్యమిత్ర చెబుతారు. రెండో మార్పిడి కోసమని ఎక్కువ కణాలు తీస్తే, మిగిలిన బ్యాగులను ఎన్నేళ్లు ఉంచుతారో, ఆ ఛార్జీ ఎవరు కట్టాలో సంతకం పెట్టే ముందే రాయించుకోండి.