వెచ్చముల పద్దులో కూపను

ఇంటి వెచ్చములను గూర్చి పత్రికలో వ్రాయుట చిన్నతనమని మా బంధువులలో నొకరనిరి. ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషమున ద్రౌపది సత్యభామతో సంభాషించుచు, ధర్మరాజు బొక్కసపు ఆదాయవ్యయములు తానెరుగుదునని చెప్పుకొన్నది. పట్టమహిషికి లేని చిన్నతనము బడిపంతులుగారి భార్యకు రాబోదని తలచి ఈ సంగతులు వ్రాయుచున్నాము.

మాది తెనాలి. మా వారొక ప్రైవేటు పాఠశాలలో తెలుగు పండితులు. పిల్లలిద్దరు, పెద్దమ్మాయి ఇంటర్మీడియేటు చదువుచున్నది. అత్తగారు మాతోనే యుందురు. కాపురమునకు వచ్చిన నాటినుండియు వీధి చివరనున్న శెట్టిగారి కొట్టుననే మా వెచ్చములు. నెల మొదట చీటీ వ్రాసి పంపుట, సరకు ఇంటికి వచ్చుట, జీతము రాగానే పద్దు చెల్లించుట మాకు పరిపాటి. 2020లో కరోనా మూలమున బడులు మూతపడి, మా వారి జీతము సగమై, మూడు నెలల బాకీ నిలిచిపోయినను శెట్టిగారు ఒక్కనాడును పద్దు మాట ఎత్తలేదు. పైపెచ్చు పండుగకు బెల్లము కావలెనేమోయని తామే అడిగి పంపిరి. ఇది ముందుగా చెప్పుట యెందుకనగా, కూపనును చేత బట్టుటకు మేమంతగా వెనుదీయుటకు ఇదియే ప్రధాన కారణము.

మరియొక కారణము ఆ మాటయే. కూపను అనగానే మాకు అమ్మమ్మగారు చెప్పుచుండిన రెండవ ప్రపంచయుద్ధకాలపు రేషను సంగతులే స్ఫురించును. కిరసనాయిలుకును పంచదారకును పెద్దల చేయి పట్టుకొని వరుసలో నిలిచిన కథలు ఆమెవద్ద చాల కలవు. ఆ చీటీ ధర తగ్గించునది కాదు; సరకు కొనుటకు హక్కు నిచ్చునది. అంగడివారి కూపను పుట్టుక వేరు. 1887లో అమెరికాలోని అట్లాంటా నగరమున ఒక గ్లాసు కోకాకోలా ఉచితముగ నిచ్చెదమని చీటీలు పంచిరట. జిహ్వకు రుచి చూపి, అలవాటు చేసి, మరల రప్పించుకొనుటయే అందలి యుక్తి. పేరొక్కటియైనను, ఒకటి కరవునాటిది, మరియొకటి బేరమునకు సంబంధించినది. ఈ భేదము మాకు చాల ఆలస్యముగా బోధపడినది.

2024 సెప్టెంబరు 14వ తేదీనుండి కేంద్రప్రభుత్వమువారు విదేశముల నుండి వచ్చు పామాయిలు, సోయా, పొద్దుతిరుగుడు ముడినూనెలపై మూలసుంకమును సున్నానుండి 20 శాతమునకును, శుద్ధిచేసిన నూనెలపై 12.5 నుండి 32.5 శాతమునకును పెంచిరి. మన దేశమున వాడు వంటనూనెలో సగమునకు మించి దిగుమతి యగునదే. మన నూనెగింజల రైతునకు మంచి ధర రావలెనని చేసిన పని. దానిని మేము తప్పుపట్టము. (2025 మే నెలాఖరున ముడినూనెలపై ఆ సుంకమును 10 శాతమునకు తగ్గించిరి.) అయినను అప్పటికి దసరా నెలదినములైనను లేదు. మా వీధిలో లీటరు నూనె కొలది దినములలోనే ఇరువది రూపాయలకు పైగా పెరిగెను. అమ్మాయి కళాశాల రుసుము రెండవ విడత కట్టవలసినదియు ఆ నెలలోనే. పండుగకు చక్కిలములు వండవలెనా, మానవలెనా యను చర్చ మా వంటయింట నదే మొదలు.

అట్టి సమయమున వార్తాపత్రిక నడుమనుండి రంగుల కాగితమొకటి జారిపడెను. ఊరిలో క్రొత్తగా తెరచిన పెద్ద అంగడివారిది. 1000 రూపాయల సరకు కొని ఆ చీటీ చూపినవారికి 100 రూపాయలు తగ్గింతురట. అత్తగారు దానిని చూచి, "మనమేమైనా దానాలు పట్టేవాళ్ళమా, అవతల పారెయ్యి" అనిరి. మా వారేమియు ననక, మడిచి నిఘంటువులో పెట్టిరి. రెండు దినములైన పిదప మేమే దానిని పైకి తీసితిమి.

ఆ అంగడికి పోవునపుడు శెట్టిగారి కొట్టు ముందునుండి పోక, వెనుక సందుగుండ పోతిమి. బిల్లు వ్రాయు బల్లవద్ద కూర్చున్న పిల్లవాడు మా వారి పూర్వవిద్యార్థి. వానిని చూడగానే చేతిలోని కూపనును చేసంచి అడుగునకు నెట్టితిమి. "నమస్కారమండీ! మేష్టారు బాగున్నారా?" అనెను. మేము తల యూపితిమి. ఆ వెంటనే, "కూపనేమైనా తెచ్చారా అమ్మగారూ?" అని తానే యడిగెను. మాకు ముందున్న వారిని అడిగినట్లే, వెనుకనున్న వారిని అడిగినట్లే అడిగెను. ప్రక్క వరుసలో నున్న యొకామె, కారులో దిగి వచ్చినామె, అట్టివి నాలుగు తీసి బల్లపై పరచెను. ఇంతకును మేము సిగ్గుపడినది ఎవరిని జూచియో నేటికిని తెలియకున్నది.

సిగ్గు తీరినది గాని లెక్క తేలలేదు. ఇంటికి వచ్చి కాగితము ముందు పెట్టుకొని చూడగా, మాకు నిజముగా కావలసిన సరకు 780 రూపాయలది. వేయి నింపుటకై 220 రూపాయలకు బిస్కత్తులు, సేమ్యా, అద్దములు తుడుచు నీరొక సీసా తెచ్చితిమి. చెల్లించినది 900. అనగా నూరు రూపాయలు మిగిల్చుకొనుటకు బోయి నూట యిరువది అధికముగా వెచ్చించినారము. మా యింట నున్న అద్దము ఒకటే, అదియు జానెడు. రానుపోను ఆటోకు 40 రూపాయలు వేరే. అత్తగారు ఆ సీసాను కిటికీలో అందరికి కనబడునట్లు పెట్టి పదిదినములుంచిరి.

అంతటితో మానివేయుదుమనుకొంటిమి. కాని అమ్మాయి లెక్కలలో దిట్ట. "తప్పు కూపనుది కాదమ్మా, చీటీ వ్రాయకుండా వెళ్ళడానిది" అనెను. నాటినుండి ముందు చీటీ, పిదప కూపను. చీటీలో లేని వస్తువుపై కూపనెంత పెద్దదియైనను మాకది చెల్లని కాగితమే.

నూనె విషయమున నేర్చుకొన్నది కొంచెము వివరముగా చెప్పవలెను, ఏలయనగా మోసపోవుట కక్కడ అవకాశమెక్కువ. లీటరు పొట్లము 145 రూపాయలకు దొరకుచుండగా, ప్రక్కనే యంతటిదిగా కనబడు మరియొకటి 132. దానిపై 5 రూపాయల కూపను కూడ కలదు. చేయి దానిమీదికే పోవును. తిప్పి చూచినచో అందున్నది 850 మిల్లీలీటర్లు. కూపను పోగా 127 రూపాయలు. ఆ లెక్కన లీటరు 149 రూపాయలు దాటును. చౌకయని తలచినదే ప్రియము! పొట్లములిన్ని గ్రాములే యుండవలెనను పాత కట్టుబాటును సడలించుచు, దానికి బదులుగా గ్రామునకో, కిలోకో, మిల్లీలీటరుకో, లీటరుకో ధర యెంతయో ముద్రింపవలెనని ప్రభుత్వమువారు 2021లో నిబంధనలు సవరించిరి. 2024 జనవరి 1 నుండి అది తప్పనిసరియైనది. అక్షరములు చీమతలలంత యుండును గాని యుండును. ఐతే ఆ లెక్క పొట్లముపై నున్న గరిష్ఠధరను బట్టి వేసినది. అంగడివారు తగ్గించినదియు, కూపను తగ్గించునదియు మనమే లెక్కించుకొనవలెను. పొట్లముపై ధర యనగా అంతకు మించి అమ్మరాదనియే యర్థము. అంతకే అమ్మవలెనని కాదు. ఈ మాట చాలమంది సోదరీమణులు మరతురు. పొట్లముపై 180 అని యుండి, ఊరందరు 150కే అమ్ముచుండగా, "15 రూపాయలు తగ్గింపు" అను కూపనుతో 165 ఇచ్చి సంతోషించినవారిని మేమెరుగుదుము.

ఇక ఫోను నంబరు సంగతి. కొన్ని కూపనులు నంబరిచ్చినగాని రావు. బిల్లు వ్రాయుటకు నంబరు తప్పక ఈయవలెనని కొనువారిని నిర్బంధింపరాదని వినియోగదారుల వ్యవహారశాఖవారు 2023 మే నెలలో వర్తకులకు తెలిపిరి. మేము ఒకసారి ఇచ్చి, దినమునకు నాలుగు సందేశములు చదువలేక, ఇప్పుడు కాగితపు కూపనులతోనే తృప్తిపడుచున్నాము.

శెట్టిగారి మాటకు వత్తుము. రెండవ నెల మా చీటీ చూచి ఆయనే యింటికి వచ్చిరి. "నూనె, సబ్బులు లేవేమమ్మా? మరచిపోయారా?" ఊరినుండి చుట్టములు తెచ్చిరని చెప్పవలెనని ముందే అనుకొంటిమి. నోట మాట రాలేదు. ఉన్నది చెప్పితిమి. ఆయన గుమ్మము వద్దనే కొంతసేపు నిలిచి, "ఆ ధరకు నాకే రాదమ్మా. కంపెనీవాడు వాళ్ళకు లారీ లెక్కన ఇస్తాడు, నాకు అట్టపెట్టె లెక్కన ఇస్తాడు. మీరు తెచ్చుకోవడంలో తప్పేముంది?" అనిరి. ఆ మాట నిష్ఠురముగ నన్నను మాకింత బాధ కలిగెడిది కాదు.

ఆ రాత్రి మా వారితో చెప్పగా, 2020 నాటి బాకీ మేము తీర్చితిమి గాని ఋణము తీరలేదనిరి. మరునాడు మేమిద్దరము కూర్చుండి రెండు అంగళ్ళ ధరలును ప్రక్క ప్రక్కన వ్రాసితిమి. విడిగా తూచు కందిపప్పు, మినపప్పు, ఎండుమిరపకాయలు, చింతపండు శెట్టిగారి వద్దనే నయము. కూపను పోయినను పెద్ద అంగడి పొట్లపు కందిపప్పు కిలోకు 12 రూపాయలు ప్రియమే. నూనె, బట్టలసబ్బు, పండ్లపొడి మాత్రమే అక్కడ చౌక. కనుక ఆ మూడింటికే కూపను. తక్కినదంతయు పాత పద్దు. ఆటోకూలి పోగా ఆరుమాసములలో నెలకు సగటున 260 రూపాయలు మిగిలినవి. సరియైన పనియే చేయుచున్నామాయని అడిగినచో పూర్తిగా ఔనని చెప్పజాలము. వెనుక సందుగుండ పోవుట మాత్రము మానినాము. నూనెడబ్బా చేత బట్టుకొని ఆయన కొట్టు ముందునుండియే నడచి వచ్చుచున్నాము.

మొన్నటి నెల పద్దు చెల్లించుటకు పోయినపుడు శెట్టిగారు, "ఆ రంగుల కాగితం ఒకసారి ఇలా ఇవ్వండమ్మా" అని యడిగి తీసికొని, కండ్లజోడు పెట్టుకొని సాంతము చదివిరి. "బొంబాయిరవ్వ నేనూ ఈ ధరకే ఇస్తాను" అని అప్పుడే కిలో తూచి యిచ్చిరి. రవ్వ ఇంటికి తెచ్చితిమి. రవ్వ కూపనును ముందే శ్రద్ధగా కత్తిరించి తమ వక్కలపెట్టెలో దాచుకొనియుండిన మా అత్తగారు, అది వ్యర్థమైపోయెనని సాయంకాలము వరకును సణుగుచునే యుండిరి.