ఇంటి వెచ్చదనానికి అయిదో తీగె

బెంగుళూరు, చెన్నై, బరంపురం వంటి ఊళ్లలో మన ఇళ్లకు వేడి కావలసింది స్నానపు నీళ్లకే. గీజరులో నీళ్లు తగినంత కాగగానే కరెంటును ఆపివేసే చిన్న సాధనం ఒకటి ఉంటుంది. దాని పేరే థర్మోస్టాటు. అమెరికా, కెనడాలలోని చలి ప్రాంతాలలో నీళ్లకే కాక ఇల్లంతటికీ వేడి కావాలి. అక్కడ చాలా ఇళ్లలో ఫర్నేసు అనే కొలిమి గాలిని వేడిచేసి గొట్టాల ద్వారా గదులకు పంపుతుంది. అది ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో చెప్పేది గోడమీది థర్మోస్టాటు. మన పిల్లలు అనేకులు ఇప్పుడు అటువంటి ఇళ్లలో కాపురముంటున్నారు. పాతదాన్ని తీసివేసి, ఫోనుతో నడిపే ‘స్మార్ట్’ థర్మోస్టాటును తామే బిగించుకునేవారు అక్కడ చాలామంది. పని చిన్నదే గాని, తెలిసి చేయవలసినది.

గది థర్మోస్టాటు కొత్త వస్తువేమీ కాదు. 1883లోనే విస్కాన్సిన్ రాష్ట్రపు ఉపాధ్యాయుడు వారెన్ జాన్సన్ విద్యుత్ థర్మోస్టాటుకు పేటెంటు పొందాడు. 1953లో హనీవెల్ కంపెనీవారి గుండ్రని థర్మోస్టాటు వచ్చి ఎన్నో ఇళ్ల గోడలకెక్కింది. అటువంటి పాతవాటిలో రెండు లోహాలను అతికించిన చుట్ట ఉండేది. వేడికి ఆ రెండూ సమానంగా సాగవు. అందుచేత చుట్ట కదిలి, చిన్న గాజుబుడ్డిని వంచేది. అందులోని పాదరసం దొర్లి రెండు తీగెలను కలిపేది. కలిస్తే కొలిమి వెలుగుతుంది, విడితే ఆరుతుంది. పాదరసం విషం గనుక అటువంటి పాతదాన్ని చెత్తలో పారవేయరాదు.

కొత్తది ఎంత తెలివైనదైనా చివరకు చేసేది ఈ పనే. తీగెలను బిగించే చోట ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ‘ఆర్’ తీగె ట్రాన్స్‌ఫార్మరు నుంచి 24 వోల్టుల కరెంటు తెస్తుంది. ‘డబ్ల్యూ’ వేడికి, ‘వై’ చల్లదనానికి, ‘జి’ గాలిపంకాకు. ఆర్‌ను డబ్ల్యూతో కలిపితే కొలిమికి పిలుపు అందుతుంది. పాదరసపు థర్మోస్టాటుకు తనకంటూ కరెంటు అక్కరలేదు. కొత్తదానికి తెర వెలగాలి, వైఫై అందుకోవాలి. కనుక దానికి ఎడతెగకుండా కరెంటు కావాలి. వచ్చిన కరెంటు తిరిగి ట్రాన్స్‌ఫార్మరుకు చేరే దారీ కావాలి. ఆ దారే అయిదో తీగె, ‘సి’.

పాత ఇళ్లలో చాలాచోట్ల ఈ తీగె బిగించి ఉండదు. అది లేకుండానే కొన్ని రకాలు తక్కిన తీగెలనుంచి కొద్దికొద్దిగా కరెంటు లాగి బ్యాటరీ నింపుకుంటాయి. అన్ని కొలిములకూ అది సరిపడదు. బ్యాటరీ దిగిపోయి, చలి రాత్రి వేడి ఆగిపోవచ్చు. గోడలోపల వాడకుండా మడిచిపెట్టిన తీగె ఏమైనా ఉన్నదేమో ముందు చూడాలి. ఉంటే దాని రెండో కొసను కొలిమి దగ్గర సి గుర్తున్నచోట బిగించాలి. లేకపోతే తయారీదారులు అమ్మే అడాప్టరు గాని, ఆ థర్మోస్టాటుకు తగిన 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు గాని వాడవచ్చు.

పని ఆరంభించేముందు కొలిమికీ, చల్లని యంత్రానికీ కరెంటు ఆపాలి. రెంటికీ వేర్వేరు బ్రేకర్లు ఉండవచ్చు. మూత తీసి ఫోటో తీసుకోవాలి. ప్రతి తీగెకూ, అది బిగించి ఉన్నచోటి అక్షరం రాసి చీటీ అంటించాలి. రంగును నమ్మరాదు, ఎర్రది ఆర్ అనేది అలవాటే గాని శాసనం కాదు. తీగెలు లావుగా ఉన్నా, లోపల 120 లేదా 240 వోల్టులని రాసి ఉన్నా అక్కడితో ఆగాలి. అది గోడవారగా పెట్టే విద్యుత్ హీటర్ల పద్ధతి కావచ్చు. 24 వోల్టుల పరికరాన్ని దానికి తగిలిస్తే నిప్పు పుట్టవచ్చు, ప్రాణానికే ముప్పు. హీట్ పంపు ఉన్న ఇంట్లో అదనపు తీగెలుంటాయి. అమరిక తప్పితే వేడి అడిగినప్పుడు చల్లగాలి వస్తుంది. ఇటువంటి చోట్ల పనివాణ్ణి పిలవడమే మంచిది. కరెంటు ఉండగా ఆర్ పోయి సికి తగిలితే కొలిమిలోని చిన్న ఫ్యూజు పోతుంది. బిగించాక తీగెలు వచ్చే గోడ రంధ్రాన్ని పూడ్చాలి. లేకుంటే గోడలోనుంచి వచ్చే చల్లగాలి సోకి, గది వెచ్చగా ఉన్నా పరికరం చలి అనుకుంటుంది.

ఇంత జాగ్రత్త దేనికంటే, సంక్రాంతికి పిల్లలు మన ఊళ్లకు వచ్చినప్పుడు అక్కడ చలి ముదిరి ఉంటుంది, ఇల్లు తాళంలో ఉంటుంది. కొలిమి ఆగితే గొట్టాలలో నీరు గడ్డకట్టి, గొట్టం పగిలి, కరిగాక ఇల్లంతా తడిసిపోవచ్చు. బయలుదేరే ముందు థర్మోస్టాటును ఆపివేయక, కనీసం 13 డిగ్రీల సెంటిగ్రేడులో, అంటే అక్కడి లెక్కకు 55 డిగ్రీలలో ఉంచాలి. నీటి గొట్టపు మొదటి మీట కట్టివేయడం ఇంకా క్షేమం. గది ఉష్ణోగ్రతను ఇక్కడనుంచే ఫోనులో చూసుకోగలగడం స్మార్ట్ పరికరపు నిజమైన ప్రయోజనం.

అయితే ఆ సౌకర్యం కంపెనీ చేతిలో ఉంటుంది. 2011, 2012 నాటి నెస్ట్ థర్మోస్టాట్లకు గూగుల్ కంపెనీ 2025 అక్టోబరులో ఫోను సంబంధం తెంచివేసింది. గోడదగ్గర చేత్తో తిప్పితే మాత్రం అవి పనిచేస్తాయి. కొనేటప్పుడు ఆ ఏర్పాటు ఉన్నదో లేదో చూసుకోవాలి. బిగించినవాడు ఫోటోను, తీగెల చీటీని ఇంట్లో అందరికీ తెలిసేచోట ఉంచాలి. ఆ మనిషి ఊళ్లో లేని రాత్రి వాటితోనే పని పడుతుంది.