మధుమేహంలో స్థూలకాయం: బరువు తగ్గుట వేరు, చిక్కిపోవుట వేరు

“వైద్యులుగారూ, షుగరు వచ్చి పదకొండేళ్లయింది. బరువు తగ్గమని అందరూ చెబుతున్నారు. ఎలా తగ్గాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.”

నా వద్దకు వచ్చే మధుమేహ రోగులలో సగం మంది ఈ మాటే అంటారు. నాకీ మాట మొదట చెప్పినది ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు. బరువు 78 కిలోలు. మోకాళ్ల నొప్పి, మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నం భోజనం కాగానే మగత. నాడి చూచాను, నాలుక చూచాను, జఠరాగ్నిని గూర్చి ప్రశ్నించాను. కఫమేదస్సుల వృద్ధి స్పష్టంగా ఉన్నది. గురుకులంలో నేర్చిన విద్య ప్రకారం లంఘనం సూచించాను. వారానికి రెండు రాత్రులు భోజనం మాని, పలుచని మజ్జిగ మాత్రం తీసుకొమ్మన్నాను.

మూడవ వారంలో ఒక తెల్లవారుజామున ఆమెకు ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. కుమారుడు సమయానికి చక్కెర నీళ్లు త్రాగించి ఆసుపత్రికి తీసుకొనిపోయాడు. అక్కడ రక్తంలో చక్కెర 48 మిల్లీగ్రాములుగా తేలింది. రాత్రి భోజనం మానినారు గాని, దానికి ముందు వేసుకొనే మాత్ర మానలేదు. ఆ మాత్ర క్లోమగ్రంథి చేత బలవంతంగా ఇన్సులిన్ స్రవింపజేసే జాతిది. కడుపులో అన్నం ఉన్నదా లేదా అన్న విచారణ దానికి లేదు.

పది రోజుల తరువాత ఆమె స్వయంగా వచ్చి, ఏమాత్రం కోపం లేకుండా, “మీరు చెప్పిన ఉపవాసం మంచిదేనండీ. నా మాత్రల సంగతి మాత్రం మీరు అడగలేదు” అన్నారు. నేను తల వంచుకొన్నాను. రోగి పరీక్షలో దేశం, కాలం, వయస్సు, సాత్మ్యం విచారించమని గురువుగారు వేయిసార్లు చెప్పారు. అలవాటుగా వేసుకొనే ఔషధం కూడా నేటి రోగికి సాత్మ్యంలో భాగమేనని నేను గ్రహించక పోవడం నా లోపమే. ఆనాటి నుండి మందుల చీటీ చూడనిదే ఎవరికీ పథ్యం చెప్పలేదు.

శాస్త్రం ఏమి చెప్పినది?

చరక సంహిత సూత్రస్థానంలో 21వ అధ్యాయం అష్టౌనిందితీయం. అతిస్థూలుని, అతికృశుని గూర్చి అందులో విపులమైన చర్చ కలదు. స్థూలకాయునికి ఆకలి ఎందుకు ఎక్కువగా ఉంటుందో అక్కడే కారణం చెప్పబడినది. మేదస్సు స్రోతస్సులను అడ్డగించగా, వాయువు కోష్ఠంలోనే తిరుగుతూ అగ్నిని రగిలిస్తుంది. తిన్నది వెంటనే అరుగుతుంది, మరల ఆకలి వేస్తుంది. కనుక లావుగా ఉన్నవారికి నిగ్రహం లేదని ఎగతాళి చేయుట అన్యాయం. వారి ఆకలి నిజమైన ఆకలే.

అందుచేతనే ఆచార్యులు వారిని కేవలం పస్తులుంచమనలేదు. అరుగుటకు గురువుగా ఉండి, శరీరాన్ని మాత్రం పెంచని ఆహారం ఇమ్మన్నారు. యవలు, ఉలవలు, పెసలు, మజ్జిగ ఇందుకు తగినవి. కడుపు నిండినట్లుంటుంది, మేదస్సు పెరగదు. నేడు పీచు పదార్థం గల ఆహారం నిదానంగా జీర్ణమై చక్కెరను మెల్లగా రక్తంలోకి విడుదల చేస్తుందని చెబుతున్నారు. రెండు మాటలకూ ఆచరణలో భేదం లేదు.

మరొక ముఖ్య విషయం. చికిత్సాస్థానంలో ప్రమేహ రోగులను చరకుడు రెండు విధాలుగా విభజించాడు. స్థూలుడై బలవంతుడైనవానికి శోధనం, కృశుడై దుర్బలుడైనవానికి బృంహణం, అనగా పోషణ, చెప్పాడు. వ్యాధి పేరు ఒక్కటే అయినా చికిత్స ఒక్కటి కాదు. మధుమేహం ఉన్నవారందరూ బరువు తగ్గవలెనన్న నియమం లేదు.

తగ్గుట, చిక్కిపోవుట

కొందరు రెండు నెలలలో ఆరు కిలోలు తగ్గామని సంతోషంతో వస్తారు. “దాహం ఎక్కువగా ఉన్నదా? రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేస్తున్నారు?” అని అడుగుతాను. అవునన్నారా, అది విజయం కాదు. చక్కెర అదుపు తప్పి ధాతువులు కరిగిపోతున్నాయన్నమాట. వెంటనే రక్త పరీక్ష చేయించవలెను. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గినా అంతే, ఆలస్యం పనికిరాదు.

సరియైన మార్గంలో మేదస్సు తగ్గుతుంది, మాంసధాతువు నిలుస్తుంది. ఇంట్లోనే దీనిని గమనించవచ్చు. నడుము కొలత తగ్గుతూ ఉండవలెను. మన దేశంలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదని నేటి ప్రమాణం. చేతి ఊతం లేకుండా కుర్చీలోనుండి లేచే శక్తి మాత్రం తగ్గరాదు. ఉన్న బరువులో 5 నుండి 10 శాతం తగ్గినా చక్కెర, రక్తపోటు, మోకాళ్ల నొప్పి మెరుగుపడతాయి.

ఇంట్లో పాటించదగిన పథ్యం

ఉదయం: రాత్రి నానబెట్టిన మెంతులు ఒక చెంచా. పెసరట్టు గాని, ఉడికించిన బార్లీ గింజలలో మజ్జిగ కలిపి గాని తీసుకోవచ్చు. వడకట్టిన జావ కంటె గింజలు నమలడమే మేలు.

మధ్యాహ్నం: కంచంలో సగం కూరలు ఉండవలెను. బీర, పొట్ల, సొర, దొండ, కాకర, మునగాకు శ్రేష్ఠం. పావు వంతు పప్పు లేక ఉలవలు, మిగిలిన పావు అన్నం. కూర ముందు తిని, అన్నం తరువాత తినండి. భోజనం తరువాత పగటి నిద్ర కఫమేదస్సులను పెంచుతుంది.

రాత్రి: తేలిక భోజనం, ఎనిమిది గంటలలోపు. భోజనం తగ్గించండి, మానవద్దు.

వ్యాయామం: అర్ధశక్తి వరకే. నుదుట చెమట పట్టి, నోటితో శ్వాస తీసుకోవలసి వచ్చినప్పుడు ఆగవలెను. చెప్పులు లేకుండా నడవరాదు. రాత్రి పాదాలు చూచుకొనుట మరువరాదు.

కొన్ని హెచ్చరికలు

తేనె, నిమ్మరసం కలిపిన నీరు బరువు తగ్గిస్తుందని ఇంటింటా వాడుతున్నారు. స్థౌల్యానికి తేనె శాస్త్రసమ్మతమే. అయితే మధుమేహ రోగి రక్తంలో అది కూడా చక్కెరనే పెంచుతుంది. ఈ వ్యాధి ఉన్నవారు దానిని మానుట మంచిది. కాకర రసం, మెంతులు మాత్రలతో కలిసి చక్కెరను మరింత దించగలవు. క్రొత్తగా ప్రారంభించేవారు పరీక్షలు తరచుగా చేయించుకోవలెను. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పప్పుధాన్యాల మోతాదు వైద్యుని అడిగి నిర్ణయించుకోవలెను. ఉలవలు ఉష్ణవీర్యం. పిత్త ప్రకృతి వారు మితంగా వాడవలెను.

ఏకాదశి, కార్తిక సోమవారం ఉపవాసాలుండే ఇల్లాండ్రకు నా మనవి. ఇన్సులిన్ గాని, చక్కెరను దించే మాత్రలు గాని వాడుతున్నచో, వైద్యునితో మోతాదు సరిచేయించుకొననిదే ఉపవాసం ఉండవద్దు. మందును స్వయంగా మానవద్దు. చెమట, వణుకు, తికమక కనిపించినచో మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగండి. 15 నిమిషాలలో తేరుకొననిచో మరల త్రాగండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయక, వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

ఆ ఉపాధ్యాయురాలి మాట పూర్తి చేయవలెను. ఆమె చికిత్స చేయు డాక్టరుగారికి నేను ఉత్తరం వ్రాశాను. జరిగినది దాచలేదు. వారు మాత్ర మోతాదు తగ్గించారు. నేను రాత్రి భోజనం మరల పెట్టించి, పై పథ్యం చెప్పాను. పదునాలుగు నెలలలో 78 నుండి 71 కిలోలకు వచ్చారు. నెలకు అర కిలో మాత్రమే. “ఇంత నెమ్మదిగానా?” అని నడుమ ఒకసారి విసుక్కొన్నారు. “అమ్మా, పదేళ్లలో పెరిగినది పది వారాలలో పోవలెనంటే, పోకూడనిది కూడా దానితో పోతుంది” అన్నాను.

ఇప్పుడు ఆమె మా ఇంటి మెట్లు కమ్మీ పట్టుకోకుండా ఎక్కుతారు. చేతిసంచిలో మందుల చీటీ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నేను అడుగక ముందే తీసి నా ముందు పెడతారు.