ఉత్తరాంధ్ర నదీముఖాలలో నీటి గమనం: ఏటి వరద, సముద్రపు పోటు

వంశధార కళింగపట్నం వద్ద, నాగావళి కళ్లేపల్లి సమీపంలో, చంపావతి కోనాడ వద్ద బంగాళాఖాతంలో కలుస్తాయి. ఇటువంటి నదీముఖాన్ని తీరప్రాంత వ్యవహారంలో 'మొగ' అంటారు. మొగ దగ్గర నీటి కదలికను ఆటుపోట్లే శాసిస్తాయన్న అభిప్రాయం సర్వసాధారణం. శ్రీకాకుళం, విజయనగరం తీరాలకు సంబంధించినంతవరకు అది సగం సత్యమే.

ఈ తీరానికి రోజుకు రెండు పోట్లు వస్తాయి. వాటి మధ్య వ్యవధి సుమారు 12 గంటల 25 నిమిషాలు కనుక, నేటి పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి వేళల్లో విశాఖపట్నం వద్ద ఆటుకు, పోటుకు మధ్య నీటిమట్టంలో తేడా సుమారు ఒకటిన్నర మీటర్లు. అష్టమి ప్రాంతంలో అది ఇంకా తగ్గుతుంది. హుగ్లీ ముఖద్వారంలో ఈ తేడా దాదాపు మూడు రెట్లు. అంటే ఇక్కడి పోటు బలహీనమైనది. నది ప్రవాహం మాత్రం రుతువును బట్టి విపరీతంగా మారుతుంది.

ఒక ఘనపు మీటరు సముద్రజలం బరువు సుమారు 1025 కిలోలు, మంచినీటి బరువు సుమారు 1000 కిలోలు. ఈ స్వల్పభేదం వల్లనే ఏటినీరు పైపొరగా సముద్రంలోకి సాగుతుండగా, ఉప్పునీరు మేకులా అడుగునుంచి లోపలికి చొచ్చుకువస్తుంది. వర్షాకాలపు వరద ఆ మేకును మొగ వెలుపలికి నెట్టివేస్తుంది. వేసవిలో ప్రవాహం సన్నగిల్లినకొద్దీ అది ఎగువకు పాకుతుంది. ఉపరితలంపై నీరు కడలివైపు పోతున్నప్పుడే అడుగున ఏటివైపు రావచ్చు. పైనీటి నమూనా ఒక్కటే తీసుకొని లవణీయతను నిర్ధారించే క్షేత్ర పరిశీలనలు తప్పుదారి పట్టేది ఇక్కడే.

ఇసుక సమస్య ఇంతకన్నా జటిలం. నైరుతి రుతుపవనాల కాలపు అలలు తీరం వెంబడి ఇసుకను ఈశాన్యానికి నెడతాయి. శీతకాలంలో కొంత వెనక్కి వచ్చినా, ఏడాది మొత్తంమీద ఈశాన్యపు తరలింపే అధికం. ఆ ఇసుక మొగకు అడ్డంగా తిన్నె కడుతుంది. ఒక పోటులో లోపలికి వచ్చి వెళ్లే నీటి పరిమాణానికీ, మొగ వైశాల్యానికీ సంబంధం ఉందని ఓబ్రయన్ 1931లోనే చూపాడు. చిన్న పోటు పెద్ద మొగను తెరచి ఉంచలేదు. ఆ పని చేసేది ఏటా వచ్చే వరదే. గొట్టా బ్యారేజీ, నారాయణపురం ఆనకట్ట, తోటపల్లి బ్యారేజీ పొలాలకు నీరందిస్తున్నాయి. ఆ అవసరం కాదనలేనిది. కానీ నీటి పంపకాల లెక్కల్లో మొగకు కావలసిన నీటిని వాటాగా కాక, సముద్రం పాలైన వృథాగా చూడటం శాస్త్రసమ్మతం కాదు. మొగ పూడితే పడవలు పోటుకోసం కాచుకోవాలి. ఆ తర్వాత వచ్చే తొలి వరద పల్లపు ఊళ్లలో నిలుస్తుంది.

నీటిని సముద్రంలోకి నడిపేది నీటిమట్టపు వాలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. వంశధారకు వరద వచ్చింది. అమావాస్య అంతకు రెండు రోజుల ముందే, 9న. పెద్ద పోట్లు అమావాస్య తరువాత ఒకటి రెండు రోజులకు వస్తాయి కనుక, అవి పెద్ద పోట్ల రోజులే. అటువంటి వేళ పోటు సమయంలో సముద్రమట్టం పెరిగి వాలు తగ్గుతుంది, నది ఎగదన్నుతుంది. ఆటు సమయంలో అదే వరద త్వరగా దిగిపోతుంది. గొట్టా నుంచి వదిలిన నీరు కళింగపట్నం చేరే గంటను పోటు పట్టికతో సరిపోల్చి చూడటానికి కొత్త కట్టడమేదీ అక్కరలేదు.