చేపల తొట్టి దుర్వాసన: కారణాలు, నివారణ

సంక్రాంతికి సొంతూరు వెళ్లి, నాలుగైదు రోజుల తరువాత చెన్నైలోని ఇంటి తలుపు తీసిన కుటుంబానికి ముందుగా ఎదురయ్యేది కొన్నిసార్లు చేపల తొట్టి నుండి వచ్చే దుర్వాసన. వెంటనే తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి, రాళ్లను, ఫిల్టర్‌ను సబ్బుతో తోమి, కుళాయి నీటితో మళ్లీ నింపుతారు. సాయంత్రానికి నీరు తేటపడుతుంది, వాసన పోతుంది. అయితే వారం తిరగకముందే చేపలు ఒక్కొక్కటిగా చనిపోవచ్చు. పిల్లలు పేర్లు పెట్టి పెంచుకున్న ఆ చేపల మరణానికి అతిగా చేసిన శుభ్రతే కారణమని ఇంటివారికి తోచదు.

వాసన ఎందుకు పుడుతుంది?

చేపలు తమ వ్యర్థాన్ని ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో విడుస్తాయి. మిగిలిపోయిన మేత, మలం, రాలిన ఆకులు కుళ్లినప్పుడు కూడా అమ్మోనియా పుడుతుంది. ఇది మొప్పలను దెబ్బతీసే విషం. ఫిల్టర్ స్పాంజిలోను, గులకరాళ్ల మీద నివసించే కొన్ని రకాల బాక్టీరియా ఈ అమ్మోనియాను మొదట నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. నైట్రేటు వల్ల కలిగే హాని మాత్రం చాలా తక్కువ. నీరు మార్చినప్పుడల్లా అది కొంత బయటికి పోతుంది. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా స్థిరపడడానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. సబ్బు, వేడినీరు, క్లోరిన్ వాటిని గంటలలో నశింపజేస్తాయి.

వాసనను బట్టి కారణం

ఆరోగ్యంగా ఉన్న తొట్టికి తడిసిన మట్టి వంటి మెల్లని వాసన మాత్రమే ఉంటుంది. కుళ్లిన నీచు వాసన వస్తే ముందుగా చేపలను లెక్కపెట్టాలి. రాళ్ల సందున చనిపోయిన చేప గాని, అడుగున పేరుకున్న మేత గాని ఉండే అవకాశం ఎక్కువ. కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది. మందంగా పరచిన ఇసుక అడుగున ప్రాణవాయువు అందని చోట ఇది పుడుతుంది. కరెంటు పోయి ఫిల్టర్ గంటల తరబడి ఆగినప్పుడు దాని లోపల నిలిచిన నీటిలోనూ పుట్టవచ్చు. అందువలన ఫిల్టర్‌ను తిరిగి నడిపే ముందు అందులోని నీటిని పారబోయాలి.

అమ్మోనియా మన ముక్కుకు తెలియని స్వల్ప మోతాదులోనే చేపలకు ప్రాణాంతకమవుతుంది. కనుక నీరు తేటగా ఉన్నంత మాత్రాన, వాసన లేనంత మాత్రాన తొట్టి క్షేమమని అనుకోరాదు. చేపలు పైకి వచ్చి నోరు తెరిచి గాలి పీలుస్తుంటే అది ప్రమాద సూచన. కొళత్తూరు వంటి చోట్ల అలంకార చేపల దుకాణాలలో దొరికే పరీక్ష కిట్‌తో అమ్మోనియాను ఇంట్లోనే కొలుచుకోవచ్చు.

చేయవలసిన పనులు

చనిపోయిన చేపను, కుళ్లిన ఆకులను, మిగిలిన మేతను తీసివేయాలి. గొట్టంతో అడుగు మడ్డిని లాగుతూ నాలుగో వంతు నీటిని మాత్రమే మార్చాలి. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో రాళ్లు పోను సుమారు 50 లీటర్ల నీరు పడుతుంది. అంటే ఒక్కసారికి 12 లీటర్లు మార్చితే చాలు. వాసన తగ్గేవరకు రోజూ ఇలా చేసి, ఆపైన వారానికి ఒకసారి చేయాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగరాదు. తొట్టిలో నుండి తీసిన నీటిలోనే పిండి తిరిగి అమర్చాలి. గొట్టాన్ని నోటితో పీల్చరాదు. చేతికి గాయం ఉన్నవారు నీటిలో చేయి పెట్టరాదు. పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మెట్రో నీటిలో క్లోరిన్ ఉంటుంది. దానిని వెడల్పాటి పాత్రలో 24 గంటలు ఉంచి గాని, క్లోరిన్‌ను తొలగించే చుక్కల మందు కలిపి గాని వాడాలి. పాత్రపై పల్చని గుడ్డ కట్టితే దోమలు గుడ్లు పెట్టవు. లారీ నీరు, బోరు నీరు వాడేవారు ముందు ఆ నీటికే వాసన ఉన్నదేమో చూసుకోవాలి.

దుర్వాసనను కప్పిపుచ్చడానికి గదిలో సువాసన స్ప్రేలు కొట్టడం, అగరువత్తులు వెలిగించడం తగదు. ఎయిర్ పంపు గదిలోని గాలినే నీటిలోకి పంపుతుంది. దోమల మందులలో వాడే పైరెథ్రాయిడ్ రసాయనాలు చేపలకు తీవ్ర విషం. వీధిలో దోమల పొగ వదిలే సమయంలో కిటికీలు మూసి, తొట్టిపై తడిగుడ్డ కప్పి, పొగ తగ్గేవరకు ఎయిర్ పంపును ఆపి ఉంచాలి.

తొట్టి వెలుపల బాధ్యత

తీసిన పాత నీటిని కుండీలలోని మొక్కలకు పోయవచ్చు. అందులోని నైట్రేటు మొక్కలకు ఎరువు. చేపలను, తొట్టి మొక్కలను మాత్రం చెరువులలోను, వాననీటి కాలువలలోను వదలరాదు. నాచు తింటుందని కొనే సక్కర్ చేప అడుగుకు మించి పెరిగి, తన మలంతో నీటిని మరింత పాడుచేస్తుంది. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప తెలుగు రాష్ట్రాల జలాశయాలలో డెవిల్ ఫిష్ పేరుతో చేపల రైతులకు నష్టం కలిగిస్తున్నది. పెంచలేనివారు దుకాణదారుకు తిరిగి ఇవ్వడం మేలు. వాడకం మానిన తొట్టిని ఆరబెట్టి బోర్లించి ఉంచాలి. లేకపోతే అందులో నిలిచిన వాననీరు దోమలకు నిలయమవుతుంది.

ఇక ఊరికి వెళ్లే కుటుంబాల సంగతి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు మూడు నాలుగు రోజులు మేత లేకపోయినా ఉండగలవు. ఆకలితో ఉంటాయన్న జాలితో వెళ్లేముందు గుప్పెడు మేత వేస్తే అదే కుళ్లి, తిరిగి వచ్చేసరికి దుర్వాసనగా ఎదురవుతుంది. ఎక్కువ రోజులు వెళ్లవలసివస్తే, పూటకు రెండు నిమిషాలలో చేపలు తినగలిగినంత మేతను చిన్న పొట్లాలుగా కట్టి, ఎన్ని రోజులకు ఒకటి వేయాలో చెప్పి పొరుగువారికి అప్పగించాలి. మిగతా డబ్బాను లోపల పెట్టి వెళ్లడం మంచిది.