డాన్సు మాస్టారు ఎక్కడి నుంచి వస్తారు?



వార్షికోత్సవం అనగానే ముందు గుర్తుకొచ్చేవి డాన్సులు. పదిహేను రోజుల ముందు నుంచే డైనింగ్ హాల్లో బెంచీలు పక్కకు జరిపి, ఒకప్పుడైతే టేప్ రికార్డరు, ఇప్పుడైతే సెల్‌ఫోనుకు తగిలించిన స్పీకరు పెట్టుకొని ప్రాక్టీసు మొదలుపెడతాం. కొన్ని హాస్టళ్ళకు బయటి నుంచి డాన్సు మాస్టారు వస్తారు. ఆయన వన్, టూ, త్రీ, ఫోర్ అని లెక్కపెడుతుంటే మనం కాళ్ళు కదుపుతాం. కార్యక్రమం అయ్యాక ఒక శాలువా కప్పి, చప్పట్లు కొట్టి పంపిస్తాం. ఆ మాస్టారు ఎక్కడ నేర్చుకున్నారు? మిగిలిన పదకొండు నెలలూ ఆయన ఇల్లు ఎలా గడుస్తుంది? ఈ సంగతి మనలో ఎంతమంది అడిగి ఉంటాం? ఎస్.ఐ. పరీక్షకు, గ్రూప్-2కు ఎలా తయారవ్వాలో చెప్పే వ్యాసాలు ఇలాంటి సంచికల్లో ఎన్నో వస్తుంటాయి. డాన్సు మాస్టారు ఎలా అవుతారో చెప్పేవి మాత్రం కనబడవు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఒకప్పుడు దీనికి జవాబు చాలా సులువు. ఏ ఇంట్లో పుట్టారన్న దాన్ని బట్టి ఉండేది. కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి గ్రామాన్నే తీసుకోండి. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల వంటి ఇంటిపేర్లు గల బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలే అక్కడ నాట్యం నేర్చుకొనేవారు. తండ్రి కొడుక్కి, మేనమామ మేనల్లుడికి నేర్పేవారు. ఆడవేషాలు కూడా మగవారే కట్టేవారు. సత్యభామ వేషంలో వేదాంతం సత్యనారాయణ శర్మగారు నడిచి వస్తుంటే ఆడవాళ్ళే ఆశ్చర్యపోయేవారని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనకు 1970లో పద్మశ్రీ వచ్చింది.

అదే కాలంలో గోదావరి జిల్లాల్లో ముమ్మిడివరం వంటి ఊళ్ళలో కలావంతుల స్త్రీలు ఉండేవారు. గుడిలోనూ, సంపన్నుల ఇళ్ళలోనూ వారు నాట్యం చేసేవారు. పదాలకు, జావళీలకు అభినయం పట్టడంలో వారిది గొప్ప విద్య. దేవదాసీ వ్యవస్థలో ఆడపిల్లలకు జరిగిన అన్యాయాన్ని ఆపడానికి 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది. చట్టం రావలసిందే. అందులో రెండో మాట లేదు. కానీ ఆ దురాచారంతో పాటు ఆ స్త్రీల చేతిలోని విద్యకు కూడా విలువ లేకుండా పోయింది. చాలామంది గజ్జెలు దాచేసి, తమకు నాట్యం వచ్చునన్న సంగతే పైకి చెప్పుకోలేదు. టీచర్లు కావలసినవారు ఇంట్లో మూలన ఉండిపోయారు.

ఇక తెలంగాణ వైపు చిందు కళాకారుల సంగతి చూడండి. మాదిగలను ఆశ్రయించి బతికే చిందు కుటుంబాలు ఊరూరా తిరిగి యక్షగానాలు ఆడేవి. నడక నేర్చిన నాటి నుంచే పిల్లలు ఆటలో పడతారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ గారు ఆడవేషమూ, మగవేషమూ కూడా కట్టి మెప్పించారు. ఆమె 2005లో కన్నుమూశారు. జనగామ ప్రాంతానికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇంత విద్య ఉన్నా, తరతరాలుగా పిల్లలకు నేర్పుతున్నా, ఊళ్ళో వీరినెవరూ "మాస్టారూ" అని పిలవలేదు. చిందోళ్ళు అన్నారు, అంతే. ఒకే పని చేసేవారిలో కొందరు గురువులయ్యారు, కొందరు ఆటగాళ్ళుగానే మిగిలిపోయారు. ఈ తేడా విద్యలోంచి వచ్చింది కాదని మన హాస్టల్ పిల్లలకు ఒకరు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఈ గోడలు ఒక్కసారిగా పడిపోలేదు. కూచిపూడి కుటుంబాల్లోంచే వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు కట్టుబాటు దాటి ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. తర్వాత వెంపటి చినసత్యంగారు వచ్చారు. 1929లో కూచిపూడిలో పుట్టిన ఆయన బతుకుతెరువు వెతుక్కుంటూ మద్రాసు చేరారు. సినిమాల్లో నృత్య దర్శకులుగా ఉన్న వెంపటి పెదసత్యంగారి వద్ద సహాయకుడిగా పనిచేశారు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. అక్కడ నేర్చుకోవడానికి ఇంటిపేరుతో పని లేదు. అనకాపల్లి నుంచి వచ్చిన శోభానాయుడుగారు అక్కడే తయారయ్యారు. ఆమె 1980 నుంచి హైదరాబాదులో అకాడమీ నడిపి, 2020లో మరణించే వరకు వందలమందికి నేర్పారు. ఇవాళ మన పట్టణాల్లో వీధికొకటి కనిపించే "నృత్యాలయం" బోర్డుల వెనుక ఉన్న టీచర్లలో చాలామంది ఆ అకాడమీ శిష్యులకు శిష్యులో, ప్రశిష్యులో అయి ఉంటారు.

ఆదిలాబాద్ జిల్లా పల్లెటూళ్ళో పుట్టిన రాజారెడ్డిగారు చిన్నప్పుడు ఊళ్ళోకి వచ్చే భాగవతుల ఆటలు చూసి నాట్యం మీద మోజు పడ్డారు. భార్య రాధగారితో కలిసి ఢిల్లీ వెళ్ళి, 1976లో నాట్య తరంగిణి స్థాపించి, తెలుగు రానివాళ్ళకు కూడా కూచిపూడి నేర్పారు. 2000లో ఇద్దరికీ పద్మభూషణ్ వచ్చింది.

నటరాజ రామకృష్ణగారు చేసిన పని వేరు. ఆయన ఊళ్ళు తిరిగి, తలుపులు మూసుకొని ఉన్న కలావంతుల పెద్దలను వెతికి, వారినే గురువులుగా భావించి నేర్చుకొని, ఆ నాట్యాన్ని ఆంధ్రనాట్యం పేరుతో మళ్ళీ వేదిక ఎక్కించారు. కాకతీయుల కాలంలో జాయప సేనాని రాసిన నృత్తరత్నావళిని, రామప్ప గుడి శిల్పాలను పట్టుకొని పేరిణిని తీర్చిదిద్ది, 1985లో రామప్ప గుడి ముందు ప్రదర్శింపజేశారు. ఇవాళ తెలంగాణ ఊళ్ళ నుంచి ఎందరో కుర్రాళ్ళు పేరిణి నేర్చుకొని, మళ్ళీ నేర్పుకుంటూ బతుకుతున్నారంటే ఆయన వేసిన దారే.

గిరిజన ప్రాంతం నుంచి ఒక ఉదాహరణ చెప్పాలి. ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయి గ్రామానికి చెందిన కనకరాజుగారు గోండుల గుస్సాడీ నృత్యాన్ని పిల్లలకు నేర్పుతూ జీవితమంతా గడిపారు. 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో చనిపోయారు. అంతటి గురువు ఇల్లు గడవడానికి ఆశ్రమ పాఠశాలలో చిన్న పని చేసుకొనేవారు. హాస్టల్ పిల్లలమైన మనం ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మన వంటగదిలోనో, గేటు దగ్గరో పనిచేసే మనిషి చేతిలో ఏ విద్య ఉందో మనం అడగలేదేమో!

సినిమా దారి పూర్తిగా వేరు. మొదట్లో అక్కడికి కూడా కూచిపూడి వారే వెళ్ళారు. "మల్లీశ్వరి", "మాయాబజార్" సినిమాల నృత్య దర్శకులు పసుమర్తి కృష్ణమూర్తిగారు కూచిపూడి వారే. తర్వాత తర్వాత గ్రూప్ డాన్సర్ల నుంచి మాస్టర్లు రావడం మొదలైంది. ఇందులో మెట్లు ఉంటాయి. ముందు యూనియన్‌లో కార్డు తీసుకోవాలి. కార్డు కోసం కట్టే డబ్బే చాలామంది పేద కుర్రాళ్ళకు మొదటి గోడ. కార్డు వచ్చాక హీరో వెనుక నాలుగో వరుసలో మొదలై, ముందు వరుసకు వచ్చి, మాస్టర్ దగ్గర అసిస్టెంట్ అయి, ఏ రోజైనా సొంతంగా ఒక పాట దొరికితే అప్పుడు "మాస్టర్" అవుతారు. లారెన్స్ మాస్టర్ ఫైట్ మాస్టర్ దగ్గర కార్లు తుడిచే పనిలో ఉండగా, ఆయన డాన్సు చూసి రజనీకాంత్ యూనియన్‌లో చేర్పించారు. 1997లో "హిట్లర్" సినిమాలో చిరంజీవి అవకాశమిచ్చారు. 2023లో ఆస్కార్ అందుకొన్న "నాటు నాటు" పాటకు స్టెప్పులు కూర్చిన ప్రేమ్ రక్షిత్ కూడా గ్రూపులో డాన్సు చేసి పైకొచ్చినవారే. ఈ పేర్లు విని కృష్ణానగర్ బస్సెక్కే ముందు ఒక మాట గుర్తుంచుకోవాలి. నాలుగో వరుసలోనే ముప్పై అయిదేళ్ళు వచ్చేసినవారి పేర్లు ఎవరూ రాయరు. వాళ్ళే తిరిగి సొంత ఊరు వచ్చి, ఒక గది అద్దెకు తీసుకొని, అద్దం బిగించి, "ఇచ్చట వెస్ట్రన్, ఫోక్, సినిమా డాన్సులు నేర్పబడును" అని బోర్డు పెడతారు. మన వార్షికోత్సవానికి వచ్చే మాస్టార్లలో ఎక్కువమంది ఇలాంటివారే. 2009లో ఈటీవీలో "ఢీ" మొదలయ్యాక ఈ గదులకు పిల్లల రాక బాగా పెరిగింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. డాన్సు మాస్టారు బతుకు దేని మీద నడుస్తుంది? ప్రదర్శనల మీద కాదు. ప్రదర్శనకు వచ్చే పారితోషికం మేకప్‌కు, దుస్తులకు, పక్క వాద్యాల వాళ్ళకు, బస్సు ఛార్జీలకు సరిపోతే అదృష్టమే. ఇల్లు నడిపేది నెల నెలా పిల్లలు కట్టే ఫీజు. విజయదశమికి కొత్త పిల్లలు చేరతారు. ఫిబ్రవరి, మార్చి రాగానే పరీక్షలని మానేస్తారు. పదో తరగతికి వస్తే ఇక ఆ పిల్ల తిరిగి రాదు. సరిగ్గా అడవులు పూర్తయి, అంశాలు మొదలుపెట్టే వయసులోనే తల్లిదండ్రులు మాన్పించేస్తారు. టీచరుకు ఇందులో రెండు నష్టాలు. ఫీజు పోతుంది, తన తర్వాత నిలబడే శిష్యురాలూ పోతుంది. ఎండాకాలం క్యాంపులు, స్కూళ్ళ వార్షికోత్సవాలు కలిసి ఆ లోటును కొంత పూడుస్తాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒక మాస్టారు రోజుకు మూడు నాలుగు స్కూళ్ళు తిరగడం మామూలే. స్కూళ్ళలో ఉద్యోగం దొరికినా చాలా చోట్ల గంటల లెక్కన జీతం. పి.ఎఫ్. ఉండదు. నలభై దాటేసరికి మోకాళ్ళు, నడుము మొదలవుతాయి. కూర్చొని తాళం వేస్తూ నోటితో చెప్పి చేయించే స్థితికి వచ్చేసరికి ఒక మంచి పెద్ద శిష్యురాలు పక్కన ఉంటేనే తరగతి నడుస్తుంది.

శాస్త్రీయ నృత్యంలో రంగప్రవేశం అని ఒకటుంది. పాట, నట్టువాంగం, మృదంగం, వయొలిన్, వేణువు, హాలు అద్దె, పట్టు దుస్తులు, నగలు, భోజనాలు కలిపితే అదొక చిన్న పెళ్ళి ఖర్చు. గురువుకు ఆ ఒక్కసారి కాస్త పెద్ద దక్షిణ అందుతుంది, నిజమే. కానీ బాగా ఆడే పేదపిల్ల వెనుక నిలబడి, డబ్బున్న పిల్ల ముందు రంగప్రవేశం చేసే ఈ పద్ధతి నాకైతే నచ్చదు. ఖర్చు లేకుండా గుడి మండపంలో నలుగురైదుగురు పిల్లలకు కలిపి చేయించే గురువులూ ఉన్నారు. వారికి నమస్కారం.

ఈ కష్టాల వల్లే చాలామంది గురువులు పగలు బ్యాంకులోనో, స్కూల్లోనో ఉద్యోగం చేసి సాయంత్రం నాట్యం చెబుతారు. పెళ్ళయి ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళు ఇంటి ముందు గదిలోనే పదిమంది పిల్లలతో మొదలుపెట్టి నిలదొక్కుకున్న ఉదాహరణలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. నిజానికి ఇవాళ నాట్యం బతికి ఉన్నది ఎక్కువగా ఈ ముందుగదుల్లోనే. 2020లో కరోనా వచ్చి తరగతులు ఆగిపోయినప్పుడు కొందరు కంప్యూటరు ముందు కూర్చొని అమెరికా పిల్లలకు చెప్పడం నేర్చుకున్నారు. ఇక్కడ తెల్లవారుజామున ఐదింటికి లేచి, అక్కడ సాయంత్రం అయిన పిల్లలకు "తలెత్తు అమ్మా, అరమండి దించు" అని చెప్పుకొనే టీచర్లు ఇప్పటికీ ఉన్నారు. ఊళ్ళో వచ్చే ఫీజుకూ దానికీ పోలికే లేదు.

మరి ఇది చదివి "నాకూ డాన్సు మాస్టారు కావాలనుంది" అనుకొనే తమ్ముడో, చెల్లెలో ఉంటే ఏం చేయాలి? ముందు చదువు మానవద్దు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలలు ఉన్నాయి. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా కళాశాల, విజయవాడలో ఘంటసాల పేరిట ఉన్నది, హైదరాబాద్ రామకోటిలో త్యాగరాజ కళాశాల, సికింద్రాబాదులో భక్త రామదాసు కళాశాల వీటిలో కొన్ని. నాలుగేళ్ళ సర్టిఫికెట్, ఆపై రెండేళ్ళ డిప్లొమా. ప్రైవేటు అకాడమీలతో పోలిస్తే ఫీజు చాలా తక్కువ. తరగతుల వేళలు ఊరిని బట్టి మారతాయి కనుక మీ కాలేజీకి కుదురుతాయో లేదో వెళ్ళి కనుక్కోండి. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నృత్యంలో ఎం.పి.ఏ. చేయవచ్చు. యు.జి.సి. నెట్‌లో నృత్యం, నాటకం కలిపి ఒక సబ్జెక్టు ఉంది. అది పాసైతే లెక్చరర్ పోస్టులకు అర్హత వస్తుంది. కేంద్రీయ విద్యాలయాలు ఏటా కాంట్రాక్టు పద్ధతిలో డాన్సు టీచర్లను తీసుకొంటాయి. అది పర్మనెంటు కాదు, కానీ సర్టిఫికెట్ ఉన్నవారికి మొదటి మెట్టుగా పనికొస్తుంది.

హాస్టల్లో ఉండగానే ఉపయోగపడేది ఇంకొకటి ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సి.సి.ఆర్.టి. 1982 నుంచి పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు సాంస్కృతిక ప్రతిభా స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. శాస్త్రీయ నృత్యమే కానక్కరలేదు, సంప్రదాయ జానపద కళలకూ ఇస్తారు. తరతరాలుగా ఒక కళనే నమ్ముకొన్న కుటుంబాల పిల్లలకు, గిరిజన పిల్లలకు అందులో విడిగా కొన్ని ఉన్నాయి. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్ మాదాపూర్‌లోనే ఉంది. ఆ వయసంటే మన లెక్కన దాదాపు ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలు. మీ గదిలో డప్పు చేతికిస్తే చాలు కాళ్ళు ఆగని కుర్రాడున్నా, చిందు ఇంటి పిల్ల ఉన్నా, ఈ ఏడు పుట్టినతేదీ చూసి వార్డెన్ గారికి చెప్పండి. పదిహేనో ఏడు వచ్చిందంటే ఆ ఫారం ఇక పనికిరాదు. పద్ధెనిమిది దాటాక ఇరవై అయిదేళ్ళ లోపు వారికి కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే రెండేళ్ళ యువ కళాకారుల స్కాలర్‌షిప్ వేరే ఉంది. దానికి గురువుగారి సంతకం కావాలి కనుక, అప్పటికే ఒకరి దగ్గర నేర్చుకుంటూ ఉండాలి.